బూడిదరంగు కొండలో ఎన్ని రంగులు?

మా ఆఫీసులో తివాచీ బూడిదరంగు. క్యూబికల్ గోడలూ అదే రంగు. మొన్నొకరోజు బిల్డ్ అవుతుంటే ఊరికే కూర్చోలేక, అసలీ గుడ్డలకి రంగులెవరు ఎంచుతారో అని వెతకడం మొదలెట్టా. అలా తగిలాడు బెర్నాట్ క్లైన్.

ఈయన 1922లో అప్పటి యుగోస్లావియాలోని సెంటా అనే ఊళ్ళో పుట్టిన యూదుడు. ఆ ఊరి చుట్టూ కనుచూపు మేరా చదును నేలే. జెరూసలేంలో కళ, లీడ్స్‌లో జౌళి టెక్నాలజీ చదివి, ఉద్యోగం కోసం స్కాట్లండు సరిహద్దు కొండల్లోని గాలషీల్స్ అనే మిల్లుల ఊరికొచ్చి, ఆ చుట్టుపక్కలే స్థిరపడిపోయాడు. (ఆన్‌సైట్ కొచ్చి ఉండిపోయిన మన బాపతే!) 1952లో సొంత కంపెనీ పెట్టాడు.

ఆ కొండల్ని దూరం నుంచి చూస్తే ముదురు గోధుమ, బూడిద, అంతే. ఈయన దగ్గరికెళ్ళి చూశాడు. నాచు, రాళ్ళ మీది బూజు, ఎండిన ఆకులు, హెదర్ పూల ఊదా... వాటిని ముందు చిక్కటి ఆయిల్ రంగులతో కాన్వాసు మీదకి ఎక్కించి, అక్కణ్ణించి నేతలోకి దించేవాడు. గుడ్డ మీద కొండ బొమ్మ ఉండదు, చెట్టు బొమ్మా ఉండదు. రంగుల పాళ్ళు మాత్రం కొండవే. నాకు నచ్చింది ఇదే.

దానికాయన వాడిన కిటుకు, ఒకే నూలుపోగుకి పొడవునా రకరకాల రంగులు అద్దడం. మన పోచంపల్లి చిటికిలోనూ నేతకి ముందే నూలుకి రంగులు పడతాయి కదా. కాకపోతే అక్కడ ఏ రంగు ఎక్కడ పడాలో లెక్క కట్టి మరీ ముడులు వేస్తారు. ఇక్కడ పడుగూ పేకా కలిసేచోట ఏది పడితే అది. దూరం జరిగితే కన్నే వాటిని కలిపేసుకుంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు సోరా చుక్కలతో చేసిందీ ఇదే. పాత 256 రంగుల మానిటర్ల మీద మనం చేసిన డిథరింగూ ఇదే!

1960ల మొదట్లో పారిస్‌లో షనెల్ ఈయన మొహైర్ ట్వీడ్ కొనడంతో పేరు మోగిపోయింది. అయినా 1966లో, తను పెట్టిన కంపెనీలోంచి తనే బయటికొచ్చేశాడు. స్టార్టప్ కథలు తెలిసినవాళ్ళకి ఇదేం వింత కాదు. ఆ తర్వాతే తివాచీలు, కర్టెన్లు, సోఫా గుడ్డలు ఒకదానికొకటి అమరేలా రంగుల వరసలు తయారుచేశాడు. బ్రిటన్ ప్రభుత్వ ఆఫీసుల కోసం కూడా చేశాడట. అంటే ఆఫీసంటే బూడిదే అని ఎక్కడా రాసిపెట్టి లేదన్నమాట.

ఆయన ఇల్లు, 1972లో ఇంటి పక్కనే కట్టుకున్న స్టూడియో, రెండూ పీటర్ వొమర్స్‌లీ అనే ఆర్కిటెక్టు గీసినవే. ఇంటికి పెద్ద పెద్ద అద్దాల గోడలు. బయట చెట్లు, లోపల వాటి రంగుల గుడ్డలు. 2014లో ఆయన పోయాడు. ఏళ్ళ తరబడి పాడుబడ్డ స్టూడియో 2025లో వేలానికొస్తే, పరిరక్షణ సంస్థలు కలిసి కొనుక్కున్నాయి. హమ్మయ్య అనిపించింది.

మాది పల్నాడు. "మీ ఊళ్ళో ఏముంటుంది?" అనడిగితే ఇన్నాళ్ళూ "రాళ్ళు" అని చెప్పేవాణ్ణి. ఈసారి సెలవులకెళ్ళినప్పుడు ఓ నాపరాయి దగ్గర కూచుని, అందులో ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టాలి. ఎండలో ఆ రాళ్ళ దగ్గర ఏం పనిరా అని అమ్మ తిడుతుంది. తిట్టనీ.