పడకయొద్ద పొరుగువారు

వలసపోవుట శ్రీకాకుళ విజయనగరములవారికి క్రొత్త కాదు. తాతలనాడు ఓడలెక్కి బర్మాలోని రంగం (రంగూను) పోయినవారును, నేడు గుజరాతులోని వేరావలు రేవున పరుల పడవలలో చేపలవేటకు కుదురువారును, చదువులు ముగించి హైదరాబాదునకో, నావలె అమెరికాకో చేరినవారును లేని ఊరు మన సీమలో అరుదు. ఊళ్లలో మిగిలినవారు వృద్ధులు. ఆ వృద్ధులు జబ్బుపడి ఆసుపత్రి చేరినప్పుడు పడకప్రక్కన కూర్చుండువారెవరను ప్రశ్న మనకిప్పుడిప్పుడే ఎదురగుచున్నది; నేను స్థిరపడిన ఈ దేశమునకు అది పుట్టుకతో వచ్చిన ప్రశ్న.

అయినవారిని విడిచివచ్చినవారు కట్టుకొన్న దేశము గనుక, చుట్టము చేయవలసిన పనిని పొరుగువాడు చేయు ఆచారము అమెరికాలో మొదటినుండియు వేరూనినది. 1751లో ఫిలడెల్ఫియా నగరమున థామస్ బాండ్ అను వైద్యుడు తలపెట్టిన ఆసుపత్రికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పౌరులనుండి చందాలు పోగుచేసెను. అంతర్యుద్ధకాలమున, 1862 డిసెంబరులో, గాయపడిన తమ్ముని వెదకుచు సైనికశిబిరమునకు పోయిన మహాకవి వాల్ట్ విట్మన్, తమ్ముడు క్షేమముగనే కనబడినను ఇల్లు చేరక, వాషింగ్టన్ నగరపు సైనిక వైద్యశాలలలో సంవత్సరముల తరబడి, సంచిలో పండ్లును కాగితములును పెట్టుకొని పడకనుండి పడకకు తిరుగుచు, వ్రాయలేనివారి పక్షమున ఇంటికి ఉత్తరములు వ్రాసిపెట్టుచు, మాటలాడలేనివారి చెంత ఊరక కూర్చుండుచు గడిపెను. 1944లో న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజిలో ఉన్నతపాఠశాల బాలికలు ఎఱ్ఱతెలుపు చారల దుస్తులు కుట్టుకొని ఆసుపత్రిసేవకు దిగిరి.

1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మెడికేర్ శాసనముపై సంతకము చేయుటతో, అఱువదియైదేండ్లు నిండినవారి చికిత్సాభారమును ప్రభుత్వము వహించెను. ఆసుపత్రులు వృద్ధులతో నిండెను. న్యుమోనియా వచ్చియో, తుంటియెముక విరిగియో చేరిన పెద్దాయన, మొన్నటివరకు మనుమల లెక్కలు దిద్దినవాడు, రెండవ రాత్రికి కూతురిని గుర్తింపడు, గోడపై లేని పురుగులను దులుపును, చేతిసూదిని పెఱికివేయును. మఱికొందరు ఏ అల్లరియు లేక మగతగ పడియుందురు. అది ఎవరి కంటను పడదు గనుక మఱింత ప్రమాదకరము. వైద్యులు డెలీరియం అనునట్టియు, మన ఊళ్లలో సంధి యనునట్టియు ఈ ఆకస్మిక చిత్తభ్రమను, వయసు మీఱినవారికి మామూలే యని ఇచ్చటి వైద్యులును చిరకాలము సరిపెట్టుకొనిరి.

అట్లు సరిపెట్టుకొననిది షారన్ ఇనౌయే అను వైద్యురాలు. యేల్ విశ్వవిద్యాలయమున పనిచేయుచు ఆమె, సహచరులతో కలిసి, ఈ రుగ్మతను పడకవద్దనే గుర్తించు పద్ధతిని 1990లో ప్రకటించెను. 1993లో, నేనుండు కనెక్టికట్ రాష్ట్రమందలి యేల్ న్యూహేవెన్ ఆసుపత్రియందు, తర్ఫీదు పొందిన స్వచ్ఛందసేవకుల సాయముతో ఆ చిత్తభ్రమను రానీయక అడ్డుకొను కార్యక్రమమును ఆరంభించెను. డెబ్బదియేండ్లు నిండిన 852 మంది రోగులపై జరిపిన పరిశీలన 1999 మార్చిలో వెలువడెను. మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 15 మందికి చిత్తభ్రమ కలుగగా, ఈ సేవ పొందినవారిలో పదిమందికి లోపుగనే కలిగెను. ఇందుకై క్రొత్త మందేదియు పుట్టలేదు.

ఆ సేవకులలో చేరి నేను నేర్చుకొన్న పనులు చూచుటకు స్వల్పములు. గదిలో అడుగిడగనే మేమెవరమో చెప్పి, గోడపలకపై ఆనాటి తేదీని, చూచుకొను నర్సు పేరును, ఆ దినము జరుగవలసిన పరీక్షలను పెద్ద అక్షరములతో వ్రాయుదుము. ఒక ముదుసలి వడ్రంగి, మేము కళ్లజోడు తుడిచి పెట్టిన పిమ్మట, ఆ పలకను వ్రేలితో చూపుచు చదివి, కిటికీ ఆవలి మంచును చూచి, జనవరియే యని తనకు తాను నిర్ధారించుకొనెను. వినికిడి తగ్గినవారికి చెవియంత్రము తగిలింతుము. చీకటిలో తడుముకొనకుండ పిలుపుగంట మీటపై మెఱయు పట్టీ అంటింతుము. గుక్కగుక్కగ నీరు త్రాగింతుము. దినమునకు మూడుమాఱులు నడిపింతుము, నడువలేనివారికి కాలుసేతులు కదిలింతుము. రాత్రివేళ నిద్రమాత్రకు మాఱుగ వెచ్చని పాలిచ్చి, వీపు నిమిరి, మెల్లని సంగీతము వినిపింతురు. నిద్ర చెడకుండుటకై, మాత్రలు నూరు సాధనములను సైతము చప్పుడు చేయనివి తెప్పించిరి!

ఆ పరిశీలనలోనే తేలిన మఱియొక సత్యము కఠినమైనది. చిత్తభ్రమ ఒకమాఱు కలిగినపిమ్మట ఈ సేవ దాని తీవ్రతను గాని, అది తిరుగబెట్టుటను గాని తగ్గింపజాలకపోయెను. కావున చేయవలసినదంతయు ముందే, రోగి తెలివితోనున్న మొదటి దినముననే, చేయవలెను.

మన ఆసుపత్రులలో పడకయొద్ద మనిషికి ఇంకను కఱవు రాలేదు. మంచము ప్రక్కన చాప పఱచుకొని పడుకొను కూతురు, క్యారేజీలో చోడంబలి తెచ్చు కోడలు, ఈ దేశము తరగతులు పెట్టి తయారుచేసికొనవలసివచ్చిన ఆ తోడు, మనకు అడుగకయే లభించుచున్నది. అయితే వారికి తెలియజెప్పువారు లేరు. పోవునను భయముతో కళ్లజోడును ఇంటనే వదలివత్తురు. మాటిమాటికి లేవనెత్తవలసివచ్చునని నీళ్లు తగ్గింతురు. పడిపోవునని మంచము దిగనీయరు. పలవరింత మొదలైనతోడనే గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. ఇవన్నియు ప్రేమతో చేయు పనులే యగుటచేత నాకు మఱింత దుఃఖము కలుగుచున్నది.

శ్రీకాకుళమున, విజయనగరమున, పార్వతీపురమున ఆసుపత్రులు నడుపు పెద్దలు రోగి చేరిన దినముననే వెంటవచ్చినవారికి పావుగంటసేపు ఈ పనులు చెప్పింపవలెను. పిల్లలు దూరదేశములందున్న వృద్ధులకై ఊరి కళాశాలల విద్యార్థులకు తర్ఫీదిచ్చి పడకలవద్దకు పంపవలెను. పాఠకులారా, రేపు మీ తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసికొనిపోవునపుడు కళ్లజోడును, చెవియంత్రమును, కట్టుడుపళ్లను మఱువక సంచిలో పెట్టుకొనుడు. నిన్న లేని తికమక నేడు కనబడినచో తెల్లవాఱువఱకు ఆగక డాక్టరుకు చెప్పుడు.