ఒకే పత్రం, రెండు చేతులు

ఇద్దరు వేర్వేరు ఊళ్ళలో కూర్చుని ఒకే పత్రాన్ని దిద్దుకునే సదుపాయం గూగుల్ డాక్స్‌తో మొదలైందని చాలామంది నమ్మకం. దాని వేళ్ళు ఇంకా లోతైనవి. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ సదస్సులో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ సుమారు 90 నిమిషాల ప్రదర్శన ఇచ్చాడు. మెన్లో పార్క్‌లో ఉన్న సహోద్యోగి బిల్ పాక్స్‌టన్ తెరపై కనిపిస్తుండగా, ఇద్దరూ ఒకే పాఠాన్ని చూస్తూ పనిచేశారు. లోకం మాత్రం ఆ సభను మౌస్ కోసమే గుర్తుపెట్టుకుంది. పనిముట్టు నిలిచి ప్రయోజనం మరుగున పడడం కొత్తేమీ కాదు.

తీగలు కలిసినా అసలు చిక్కు విడలేదు. 'పపలక' అని తప్పుగా పడిన మాటను ఇద్దరు ఒకే క్షణంలో ముట్టుకున్నారనుకుందాం. ఒకరు ముందు 'ఒక' అన్న మాటనూ ఖాళీనీ చేర్చారు. మరొకరు రెండో స్థానంలోని 'ప'ను కొట్టేశారు. 'రెండోది తొలగించు' అన్న ఆ ఆజ్ఞ మొదటివారి ప్రతికి చేరేసరికి అక్కడ రెండో స్థానంలో ఉన్నది 'ఒక'లోని 'క'. అదే పోతుంది. రెండు ప్రతులూ అక్కడే విడిపోతాయి. వచ్చిన ఆజ్ఞను యథాతథంగా పాటించక, రెండును ఐదుగా మార్చి పాటించాలని 1989లో క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ ప్రతిపాదించారు. (అమెరికాలో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడు ఎల్లిస్.)

ఆ పద్ధతి కొన్ని సందర్భాల్లో తప్పుతుందని తరువాత తేలింది. 1995లో జిరాక్స్ పార్క్ పరిశోధకులు జూపిటర్ వ్యవస్థలో మధ్యన ఒక సర్వర్‌ను నిలిపి, ప్రతివారూ దానితో మాత్రమే పొత్తు కుదుర్చుకునేలా చేశారు. 2009 నాటి గూగుల్ వేవ్‌కు ఆధారం ఇదే. చిక్కు తీరింది గానీ, ఉమ్మడి పత్రానికి మధ్యవర్తి తప్పనిసరి అయ్యాడు; ఆ మధ్యవర్తి ఎవరి సొత్తన్న ప్రశ్న నాడు పెద్దగా ఎవరికీ తోచినట్టు లేదు. రైట్‌లీ అనే చిన్న సేవను గూగుల్ కొన్న 2006లోనే, ఫ్రాన్స్ పరిశోధకులు వూట్ అనే మరో దారి చూపారు: స్థానాలు లెక్కపెట్టడం మాని, ప్రతి సంకేతానికీ మారని గుర్తింపు ఇవ్వడం. అందులో మధ్యవర్తి అక్కరలేదు.

తెలుగులో రాసేవారికి ఇందులో ఒక పట్టింపు ఉంది. యంత్రం లెక్కించేది యూనికోడ్ సంకేతాలను, అక్షరాలను కాదు. కంటికి ఒక్కటైన 'స్త్రీ' దానికి ఆరు సంకేతాలు. ఇద్దరు ఆ అక్షరంలో చెరొక భాగాన్ని ఒకేసారి దిద్దితే ప్రతులు రెండూ చక్కగా ఏకీభవిస్తాయి. మిగిలిన అక్షరం మాత్రం ఇద్దరిలో ఎవరూ రాయనిది కావచ్చు.