అకౌస్టిక్ న్యూరోమా కారణాలు

అకౌస్టిక్ న్యూరోమా అనేది లోపలి చెవి నుండి మెదడుకు వెళ్ళే ఎనిమిదవ కపాల నాడిపై పెరిగే కంతి. ఇది క్యాన్సరు కాదు. సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుంది. ఒక చెవిలో వినికిడి తగ్గడం, చెవిలో హోరు, నడకలో తూలు దీని ముఖ్య లక్షణాలు. పేరునుబట్టి వినికిడి నాడి కంతి అనిపించినా, ఇది ఎక్కువగా శరీర సమతౌల్యానికి సంబంధించిన నాడీశాఖపై, నాడికి తొడుగుగా ఉండే ష్వాన్ కణాలలో పుడుతుంది. అందువలన దీనిని వెస్టిబ్యులర్ ష్వానోమా అని కూడా అంటారు.

జన్యు కారణం

22వ క్రోమోజోముపై ఉన్న ఎన్ఎఫ్2 జన్యువును 1993లో గుర్తించారు. ఇది మెర్లిన్ అనే ప్రోటీను తయారీకి ఆధారం. మెర్లిన్ కణాల పెరుగుదలను అదుపులో ఉంచుతుంది. ప్రతి కణంలో ఈ జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఒక ష్వాన్ కణంలో రెండూ చెడిపోతే అదుపు తప్పి కంతి మొదలవుతుంది.

సుమారు 95 శాతం రోగులలో కంతి ఒక వైపే వస్తుంది. ఇది సాధారణంగా వంశపారంపర్యం కాదు. ఎన్ఎఫ్2 వ్యాధి ఉన్నవారిలో మాత్రం తరచు రెండు వైపులా వస్తుంది. తల్లికి గాని తండ్రికి గాని ఈ వ్యాధి వారసత్వంగా వచ్చి ఉంటే, ప్రతి బిడ్డకు సంక్రమించే అవకాశం 50 శాతం.

వికిరణం

బాల్యంలో తలకు సోకిన వికిరణం ఈ కంతి అవకాశాన్ని పెంచుతుంది. ఇజ్రాయిల్‌లో తలపై తామరకు ఎక్స్-రే చికిత్స పొందిన పిల్లలలోను, జపాను అణుబాంబు బాధితులలోను నాడీ తొడుగు కంతులు అధికంగా కనిపించాయి. అయితే రోగులలో అత్యధికులకు ఇటువంటి పూర్వచరిత్ర ఉండదు.

మొబైల్ ఫోను, శబ్దం

2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ రేడియో తరంగాలను "క్యాన్సరు కారకం కావచ్చు" అనే వర్గంలో చేర్చింది. బ్రిటన్ స్త్రీలపై జరిగిన పెద్ద అధ్యయనంలో, దీర్ఘకాలం ఫోను వాడినవారికి ఈ కంతి ఎక్కువని 2013లో తేలింది. మరికొంత కాలం పరిశీలించాక ఆ సంబంధం నిలువలేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక చెవి మందగించినవారు ఫోనును రెండవ చెవికి మార్చుకుంటారు. కనుక ఏ చెవితో మాట్లాడారు అన్న ప్రశ్నకు వచ్చే జవాబు కారణాన్ని కాక, రోగ ఫలితాన్నే సూచించవచ్చు. పెద్ద శబ్దాలపై అధ్యయనాలు కూడా పరస్పర విరుద్ధంగా ఉన్నాయి. రోగులు గతాన్ని ఇతరులకంటె శ్రద్ధగా గుర్తుచేసుకోవడం అందుకు ఒక కారణం కావచ్చు.

సారాంశం

కణంలో ఏమి చెడుతుందో తెలిసింది. అది ఎందుకు చెడుతుందో చాలామంది రోగుల విషయంలో తెలియదు. అందుచేత రోగి తన అలవాట్లను నిందించుకోవడానికి ఆధారం లేదు. ఒక చెవిలోనే వినికిడి తగ్గుతున్నప్పుడు వైద్యుని సంప్రదించడం అవసరం, కంతిని ఎం.ఆర్.ఐ. పరీక్షతో గుర్తించవచ్చు.