ఆగస్టు మారథాన్: 23 డిగ్రీలే కదా అనుకుంటే పొరపాటే

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు నెలాఖరులో, ఆదివారం తెల్లవారుజామున జరుగుతుంది. 2023లో 27న, 2024లో 25న, 2025లో 24న జరిగింది. ఇటీవలి ఏళ్లలో ఫుల్ (42.195 కి.మీ.), హాఫ్ (21.1 కి.మీ.) రెండూ నెక్లెస్‌రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తున్నాయి. పటాన్‌చెరు, రామచంద్రాపురం, బొల్లారం, పాశమైలారం, సంగారెడ్డి వైపు నుంచి వెళ్లేవారికి మాత్రం పరుగు అంతకంటే ముందే, అర్ధరాత్రి దాటాక ఇల్లు కదిలినప్పుడే మొదలవుతుంది.

ఎండాకాలం అయిపోయింది, వానలు పడుతున్నాయి, పొద్దున్నే 23 డిగ్రీలే ఉంటుంది, ఇంకేం భయం? మొదటిసారి పరిగెత్తేవారిలో ఎక్కువమంది అనుకునేది ఇదే. ఆగస్టులో ఇబ్బంది పెట్టేది ఎండ కాదు, ఉక్కపోత. అది థర్మామీటర్‌లో కనిపించదు.

చెమట కారితే సరిపోదు, ఆరాలి

పరిగెత్తేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు మూడొంతులు వేడిగా మారుతుంది. 70 కిలోల మనిషి గంటకు 10 కి.మీ. వేగంతో పరిగెత్తితే గంటకు సుమారు 700 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 500కు పైగా వేడే. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే ఆరేడు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఒళ్లు కాలిపోతుంది. దాన్ని ఆపేది చెమటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. అంటే లెక్క సరిగ్గానే సరిపోవాలి.

కానీ ఆవిరైతేనే. బనియన్ తడిసి, మోచేతుల నుంచి బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడిన చెమట ఒంటిని చల్లబరచదు. నీళ్లు, ఉప్పు పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. గాలిలో తేమ 90 శాతం ఉన్న రోజు జరిగేది ఇదే.

ఒక పోలిక చూడండి. మే నెల తెల్లవారుజామున 27 డిగ్రీలు, తేమ 50 శాతం ఉందనుకుందాం. ఆగస్టు తెల్లవారుజామున 23 డిగ్రీలు, తేమ 90 శాతం. థర్మామీటర్‌లో నాలుగు డిగ్రీల తేడా కనిపిస్తుంది. తేమను కూడా కలిపి లెక్కగడితే రెండు రోజులూ ఒంటిమీద వేసే భారం దాదాపు ఒకటే. మేలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు, నెమ్మదిగా పరిగెత్తుతారు. ఆగస్టులో చల్లగా ఉందని మొదటి ఐదు కిలోమీటర్లు దూసుకుపోతారు. తేడా అక్కడ వస్తుంది.

ఈ భారాన్ని కొలిచే లెక్కను వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. ఇందులో తేమకు 70 శాతం, ఎండకు 20 శాతం, మామూలు ఉష్ణోగ్రతకు 10 శాతం వాటా. దూరపు పరుగులకు అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన హద్దులు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి: 18 లోపు పచ్చజెండా, 23 వరకు పసుపు, 28 వరకు ఎరుపు, ఆ పైన నల్లజెండా. పైన చెప్పిన ఆగస్టు తెల్లవారుజాము పొద్దు పొడవకముందే 22 దగ్గర ఉంటుంది. తొమ్మిదింటికి మబ్బు విడిపోయి ఎండ కాస్తే ఎరుపులోకి బాగా వెళ్లిపోతుంది. ఐదింటికి మొదలుపెట్టి ఐదు గంటల్లో ఫుల్ పూర్తిచేసేవారు ఆఖరి పది కిలోమీటర్లు పరిగెత్తేది సరిగ్గా ఆ సమయంలోనే.

రాత్రిపూట పెట్టినా ఉక్కపోత వదలదు. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ మహిళల మారథాన్‌ను అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు మొదలుపెట్టారు. బరిలో దిగిన 68 మంది ప్రపంచస్థాయి రన్నర్లలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. విజేత సమయం 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు. ఆ పోటీల చరిత్రలో గెలిచినవారి సమయాల్లో అదే అతి నెమ్మది.

ఫోన్‌లో ఏం చూడాలి?

వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రత పక్కన 'డ్యూ పాయింట్' అని ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. రన్నర్లకు తేమ శాతం కంటే ఇదే పనికొస్తుంది, ఎందుకంటే తేమ శాతం పొద్దెక్కేకొద్దీ తగ్గినట్టు కనిపించి మోసం చేస్తుంది. డ్యూ పాయింట్ 16 లోపు ఉంటే హాయిగా పరిగెత్తవచ్చు. 20 దాటితే ఆ రోజు రికార్డు ఆలోచన పక్కన పెట్టండి. ఆగస్టులో మన దగ్గర అది ఎక్కువగా 21 అటూఇటూ ఉంటుంది.

మండలాల వారీగా ఉష్ణోగ్రత, తేమ వివరాలు తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. సంగారెడ్డి జిల్లాలో సాధన చేసేవారికి నగరం లెక్క కంటే ఇదే దగ్గరి లెక్క. వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్ కూడా ఉంది.

ఈ ప్రాంతంవాళ్లు అదనంగా చూసుకోవాల్సింది గాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో పటాన్‌చెరు ఇక్రిశాట్, ఐడీఏ పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడ కేంద్రాల వివరాలు విడివిడిగా ఉంటాయి. 'హైదరాబాద్' అని ఉన్న సగటు అంకె కాకుండా మీకు దగ్గరి కేంద్రాన్ని తెరవండి. వానాకాలంలో దుమ్ము కడిగిపోయి అంకె సాధారణంగా మెరుగ్గానే ఉంటుంది. అయితే ఆ సూచీ లెక్కలోకి తీసుకునేవి ఎనిమిది కాలుష్యాలే: రెండు రకాల ధూళికణాలు, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మందుల కంపెనీల్లో వాడే ద్రావకాల ఘాటు వాసన అందులోకి రాదు. కాబట్టి యాప్‌లో పచ్చగా ఉన్నా ముక్కు, కళ్లు మండుతుంటే ముక్కునే నమ్మండి. ఆ రోజు దారి మార్చుకోండి.

కంపెనీలో వేడి అలవాటే కదా, పనికొస్తుందా?

కొంతవరకు పనికొస్తుంది. రోజూ గంట, గంటన్నర వేడిలో శ్రమిస్తే 10 నుంచి 14 రోజుల్లో ఒళ్లు సర్దుకుంటుంది. చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి భాగం పెరిగి గుండె మీద భారం తగ్గుతుంది. ఫర్నేస్ దగ్గరో, బాయిలర్ దగ్గరో పనిచేసేవారికి ఈ అలవాటు కొంత ఉంటుంది. రోజంతా ఏసీలో ఉండి జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద సాధన చేసేవారికి ఉండదు. వాళ్లు కనీసం చివరి రెండు వారాలైనా బయట పరిగెత్తాలి. ఈ అలవాటు దాచుకుంటే నిలిచేది కాదు, మూడు నాలుగు వారాలు మానేస్తే పోతుంది.

కానీ షిఫ్టులో పనిచేసేవారికి వేరే చిక్కుంది. శనివారం బీ షిఫ్టు ముగించుకుని రాత్రి పదింటికి గేటు దాటి, రెండింటికి బయల్దేరి ఐదింటికి స్టార్ట్ లైన్ దగ్గర నిలబడేవారికి నిద్రా ఉండదు, ఒంట్లో నీళ్లూ ఉండవు. నిద్రలేమి, అంతకుముందు జ్వరం లేదా విరేచనాలు, ముందురోజు తాగిన మందు, ఇవన్నీ వడదెబ్బ ముప్పును పెంచేవే. షిఫ్టు మార్పించుకోలేకపోతే ఈ ఏడాది హాఫ్‌తో సరిపెట్టుకోవడమో, 10కే పరిగెత్తడమో మేలు. వారంలోపు జ్వరం వచ్చి ఉంటే అదీ వద్దు. కట్టిన ఫీజు పోతుంది, పోనివ్వండి.

నీళ్లు ఎన్ని తాగాలి?

ఎక్కువ తాగితే మంచిదే అన్న మాట పాతది, ప్రమాదకరమైనది కూడా. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉందని 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పరుగులో బరువు పెరిగినవారికి, అంటే చెమటగా పోయిన దానికంటే ఎక్కువ తాగినవారికి ముప్పు ఎక్కువ. ముఖ్యంగా నాలుగు గంటలకు పైగా, నెమ్మదిగా పరిగెత్తుతూ ప్రతి స్టాల్ దగ్గరా రెండు గ్లాసులు తాగేవారు జాగ్రత్త. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం కనిపిస్తే ఇంకా నీళ్లు పోయకూడదు.

మీ లెక్క మీరే తేల్చుకోవచ్చు. సాధన రోజున పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని, తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు పోయినట్టు. మధ్యలో తాగినది దానికి కలపండి. గంటకు ఎంత పోతుందో రెండు మూడుసార్లు చూస్తే అంచనా దొరుకుతుంది. దాంట్లో సగం నుంచి ముప్పావు వంతు వరకు, దాహాన్ని బట్టి తాగితే చాలు. పరుగు చివర కిలో, కిలోన్నర తగ్గడం మామూలే. పెరిగితేనే తప్పు.

ఓఆర్‌ఎస్ విషయంలో ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఉన్న ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, దాన్ని లీటరు నీళ్లలో కలపాలి. అర లీటరు సీసాలో మొత్తం ఒంపేస్తే వికారం ఖాయం. పండ్లరసంలా తియ్యగా ఉండి, డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని రాసుకుని అమ్ముడుపోయిన పానీయాలు వేరు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబరులో ఫుడ్ సేఫ్టీ అథారిటీ ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఇంట్లో చేసుకునే ఉప్పేసిన నిమ్మరసం, మజ్జిగ కూడా బాగానే పనిచేస్తాయి. ఏదైనా సాధనలో అలవాటు చేసుకున్నదే పరుగు రోజు తాగాలి.

మోకాళ్ల నొప్పి రాకుండా ముందే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్ల వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. నీళ్లు తగ్గిన ఒంట్లో అది నేరుగా కిడ్నీ మీద పడుతుంది. వేసుకోవద్దు.

ఎదుటివారు తూలుతుంటే

మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. వడదెబ్బను చెమటను బట్టి గుర్తుపట్టలేం. పరిగెత్తుతూ వడదెబ్బ తగిలినవారి ఒళ్లు చెమటతో తడిసే ఉండొచ్చు. చూడాల్సింది మాట, నడక. పేరు అడిగితే తడబడటం, అర్థంలేని కోపం, తాగినట్టు తూలడం, వెనక్కి పరిగెత్తడం కనిపించాయంటే లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉంటుందనుకోవాలి. నుదుటి మీద పెట్టే గన్ థర్మామీటర్ ఇక్కడ పనికిరాదు. చెమట పట్టిన చర్మం మీద అది తక్కువ చూపిస్తుంది.

అప్పుడు సూత్రం ఒకటే: ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అరగంటలోపు వేడి దిగితే ప్రాణం దక్కుతుంది. అమెరికాలోని ఫాల్మత్‌లో ఏటా ఆగస్టు ఉక్కపోతలో 11.3 కి.మీ. పరుగు జరుగుతుంది. అక్కడ 18 ఏళ్లలో నమోదైన 274 వడదెబ్బ కేసుల్లో ఒక్కరూ చనిపోలేదు. వాళ్లు చేసింది రోగిని వెంటనే మంచునీళ్ల తొట్టెలో కూర్చోబెట్టడమే.

మన రోడ్డు మీద తొట్టె దొరకదు. ఒకరు 108కు ఫోన్ చేస్తుంటే మిగతావారు నీడలోకి లాగి, షూలు, టీషర్ట్ తీసేసి, పక్క దుకాణంలోని 20 లీటర్ల కూలింగ్ క్యాన్ తెచ్చి తల, మెడ, చంకలు, గజ్జల మీద ఆపకుండా పోస్తూ విసరాలి. టార్పాలిన్ దొరికితే నలుగురు అంచులు పట్టుకుని అందులో మనిషిని పడుకోబెట్టి ఐసు, నీళ్లు పోయవచ్చు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ ఇవ్వొద్దు, ఈ వేడి మీద అది పనిచేయదు. ఊపిరి ఆడకపోతే మాత్రం అది గుండె సమస్య. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

108కు చోటు చెప్పడం దగ్గరే చాలా సమయం పోతుంది. మెట్రో లైను కింద ఉంటే పిల్లర్ నంబరు చెప్పండి. ఫ్లైఓవర్ మీద ఉంటే ఏ వైపు నుంచి ఏ వైపు వెళ్లే దారో చెప్పండి, లేదంటే అంబులెన్స్ రెండో పక్కకు వస్తుంది. బిబ్ వెనక పేరు, ఇంటివాళ్ల నంబరు, షుగర్, బీపీ మందులు, ఈఎస్ఐ ఉంటే ఆ నంబరు రాసి ఉంచండి. ఈఎస్ఐ వైద్యం పనిలో తగిలిన దెబ్బలకే అనుకుంటారు. మామూలు జబ్బులకూ అది వర్తిస్తుంది. ఈ ప్రాంతంవారికి రామచంద్రాపురంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది.

ఎలా వెళ్లాలి, ఎలా రావాలి?

పటాన్‌చెరు నుంచి నెక్లెస్‌రోడ్డుకు దాదాపు 30 కి.మీ., సంగారెడ్డి నుంచి దాదాపు 60. మెట్రో మియాపూర్‌తోనే ఆగిపోతుంది, మామూలుగా మొదటి రైలు ఆరింటికి. మారథాన్ రోజున ముందుగా నడిపిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ వారం ప్రకటన చూసుకోండి. పరుగు ముగిసేది గచ్చిబౌలిలో. అది ఔటర్ మీదుగా పటాన్‌చెరుకు దగ్గరి దారి. కారు ఉన్నవారు అటువైపే పెట్టి, స్టార్ట్‌కు స్నేహితులతోనో క్యాబ్‌లోనో వెళ్లడం సుఖం. ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు. అయినా 42 కిలోమీటర్లు పరిగెత్తాక బండి నడపడం మంచిది కాదు. కాళ్లు పట్టేస్తాయి, బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది.

ఆ రోజు రాత్రి సీ షిఫ్టు ఉంటే ముందే సెలవు పెట్టుకోండి. మర్నాడు కండరాల నొప్పి మామూలే. మూత్రం కోలా రంగులో వస్తే, లేదా సాయంత్రం దాకా అసలు రాకపోతే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, మారథాన్ పరిగెత్తానని డాక్టర్‌కు చెప్పి క్రియాటినిన్, సీపీకే పరీక్షలు చేయించుకోండి.