గోడలు మెత్తబరిచిన బంతి

ఇంట్లో బేస్‌బాల్ బ్యాటింగ్ సాధన కోసం అమ్మే ఫోమ్ బంతుల్ని, చిల్లుల ప్లాస్టిక్ బంతుల్ని అసలు బంతికి చవక నకళ్లని తీసిపారేయడం మామూలే. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. అసలు బంతి చుట్టుకొలత 9 అంగుళాల పైచిలుకు, బరువు సుమారు 145 గ్రాములు. తోలు కింద బిగించి చుట్టిన దారంతో రాయిలా ఉంటుంది. అది పెద్ద మైదానం కోసం తయారైన వస్తువు. ఆట గోడల మధ్యకు వచ్చిన ప్రతిసారీ బంతి మారింది, అదీ ఆ చోటుకు తగ్గట్టే.

1887లో థాంక్స్‌గివింగ్ పండగనాడు షికాగోలోని ఫరాగట్ బోట్ క్లబ్‌లో కొందరు యువకులు హార్వర్డ్, యేల్ ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. యేల్ గెలిచిందన్న కబురు రాగానే ఒకడు సంబరంగా బాక్సింగ్ గ్లవ్ విసిరాడనీ, మరొకడు కర్రతో దాన్ని కొట్టాడనీ చెబుతారు. జార్జ్ హాన్‌కాక్ ఆ గ్లవ్‌నే లేసులతో ఉండలా కట్టి, నేలమీద సుద్దతో గీతలు గీసి ఆట మొదలుపెట్టించాడట. ఇంత ముచ్చటైన కథకు చెప్పేవాళ్లు కొంత మెరుగు పెట్టి ఉండవచ్చు. అయితే మన వాదన ఆ కథ మీద నిలబడలేదు. తర్వాత ఏర్పడిన నియమాలు చూడండి: బంతి చుట్టుకొలత దాదాపు 17 అంగుళాలు, బ్యాటు సన్నటి కర్ర. అంత పెద్ద మెత్తటి బంతిని సన్న కర్రతో ఎంత బాదినా దూరం పోదు, కిటికీ పగలదు, ఉత్త చేతుల్తో పట్టుకోవచ్చు. హాలు కొలతలే నియమాలుగా మారాయన్నమాట.

ఇది చలికాలపు కాలక్షేపం మాత్రమే కదా అనవచ్చు. కానీ మరుసటి ఏడే ఆట ఆరుబయటికి వచ్చింది. 1895లో మినియాపొలిస్ అగ్నిమాపక ఉద్యోగి లూయిస్ రోబర్ తన స్టేషన్ పక్క ఖాళీ జాగాలో తోటివాళ్ల వ్యాయామానికి ఇలాంటి ఆటే పెట్టాడు. క్రమంగా మైదానం దొరికిన చోట బంతి 12 అంగుళాలకు కుదించుకుపోయి గట్టిపడింది. 1926లో సాఫ్ట్‌బాల్ అన్న పేరు సూచించారు గానీ, నేటి సాఫ్ట్‌బాల్ తగిలినవాళ్లెవరూ దాన్ని మెత్తనిదనరు! షికాగోలో మాత్రం 16 అంగుళాల బంతి ఇంకా బతికే ఉంది, గ్లవ్ లేకుండానే ఆడతారు.

మరింత బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: తేలిక బంతితో సాధన చేస్తే అసలు బంతి ముందు తడబడరా? ఇందులో కొంత నిజం ఉంది. బరువైన బంతి బ్యాటుకు తగిలినప్పటి అదురు, అది వచ్చే వేగం ప్లాస్టిక్ బంతి నేర్పలేదు. అయితే 1953లో కనెక్టికట్‌లో డేవిడ్ ములానీ తయారుచేసిన విఫిల్ బాల్ సంగతి చూడండి. ఆయన కొడుకు ఇరుకు పెరట్లో ప్లాస్టిక్ గోల్ఫ్ బంతిని వంకర తిప్పాలని చేయి నొప్పి పుట్టేదాకా విసిరేవాడు. తండ్రి బోలు ప్లాస్టిక్ బంతికి ఒక సగంలో మాత్రమే ఎనిమిది పొడవాటి చిల్లులు కోసి చూశాడు. రెండు సగాల దగ్గరా గాలి వేర్వేరుగా పనిచేయడంతో చేతికి శ్రమ లేకుండానే బంతి పక్కకు తిరిగింది. గట్టిగా కొట్టినా ఎక్కువ దూరం పోదు. వంపు తిరిగే బంతిని కడదాకా చూసి బ్యాటు తిప్పడం నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మన గల్లీ క్రికెట్‌లో కార్క్ బంతి బదులు టెన్నిస్ బంతి పట్టుకోవడం వెనకా ఎదురింటి అద్దాల భయం ఉంది, ఆ బంతితోనే ఎందరికో బ్యాటు పట్టడం వచ్చింది.

కాబట్టి బంతి కొనేముందు గది కొలవండి. పసివాళ్లుంటే ఫోమ్, కంటికి పని కావాలంటే చిల్లుల బంతి. తోలు బంతి కావాలంటే మాత్రం ముందు బలమైన వల కట్టించండి.