నిరూపించాల్సింది ఎవరు?



చెన్నైలోనో, బెంగళూరులోనో, బరంపురంలోనో మన పిల్లలు ఆటల్లోకి వెళ్తున్నారంటే మంచి కోచ్‌ను వెతుకుతాం, అప్పో సప్పో చేసి బూట్లు కొంటాం. వాళ్లకు ఒకరోజు లాయరు అవసరం పడొచ్చని మాత్రం ఎవరికీ తట్టదు. మనం తరాలుగా ఉంటున్న మూడు రాష్ట్రాల అమ్మాయిల కథలు చూస్తే ఆ అవసరం ఎంత పెద్దదో తెలుస్తుంది.

మొదటిది తమిళనాడు. పుదుక్కోట్టై జిల్లాకు చెందిన శాంతి సౌందరరాజన్ ఇటుక బట్టీ కూలీల బిడ్డ. 2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచింది. వెంటనే లింగ నిర్ధారణ పరీక్ష చేసి పతకం వెనక్కి తీసుకున్నారు. మందులు వాడిందన్న ఆరోపణ లేదు. పుట్టుకతో వచ్చిన శరీరమే తప్పయింది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో క్రీడల వివాదాలు తీర్చే అంతర్జాతీయ న్యాయస్థానం 1984 నుంచే ఉంది. ఆమె తరఫున ఆ తలుపు తట్టినవారు లేరు.

రెండోది ఒడిశా. జాజ్‌పూర్ జిల్లా చేనేత కుటుంబంలో పుట్టిన ద్యుతీ చంద్‌ను 2014లో, శరీరంలో టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందంటూ, గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఈసారి అండ దొరికింది. కెనడా లాయరు జిమ్ బంటింగ్ బృందం ఫీజు తీసుకోకుండా లోజాన్‌లో వాదించింది. ఈ నియమం ఆడవాళ్లకే వర్తిస్తోంది, కాబట్టి అది న్యాయమేనని నిరూపించే బాధ్యత సమాఖ్యదే అన్నదే వాదనలో కీలకం. ఆ హార్మోను వల్ల మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య ఉన్నంత తేడా వస్తుందని అంతర్జాతీయ సమాఖ్య నిరూపించలేకపోయింది. 2015 జులై 24న ఆ నియమాన్ని రెండేళ్లు నిలిపివేశారు. హైదరాబాద్‌లో నాగపురి రమేష్ శిక్షణలో ద్యుతీ మళ్లీ పరుగు మొదలుపెట్టి 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లింది, 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది.

డోపింగ్ కేసుల్లో తక్కెడ రెండోవైపు మొగ్గుతుంది. నమూనాలో మందు దొరికిందంటే తప్పు జరిగినట్టే లెక్క. అది ఎలా వచ్చిందో చెప్పుకోవాల్సింది క్రీడాకారులే. కర్ణాటక అమ్మాయి అశ్విని అక్కుంజి 2010 ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు గెలిచింది. 2011లో ఆమె, సహచరులు కొందరు స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. కోచ్ చైనా నుంచి తెచ్చిన జిన్సెంగ్ వల్లే అని వాదించారు. మన దేశంలోని ప్యానెల్ కొంత నమ్మి ఏడాది నిషేధంతో సరిపెట్టింది. 2012లో లోజాన్ న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది.

ద్యుతీకీ ఈ అనుభవం తప్పలేదు. 2022 డిసెంబరులో ఇచ్చిన నమూనాల్లో నిషిద్ధ మందులు బయటపడ్డాయి. తెలిసి వాడలేదన్న ఆమె మాటను ప్యానెల్ ఒప్పుకోలేదు. నాలుగేళ్ల నిషేధం పడింది. అనుకోకుండా జరిగిందని రుజువైతే శిక్ష తగ్గేది. ఒకే మనిషి, రెండు కేసులు. మొదటిదానిలో రుజువు భారం ఎదుటివారిది, రెండోదానిలో తనది.

మంచి క్రీడా లాయరు ముందుగా చూసేది ఆ భారం ఎవరిదన్నదే. తర్వాత సీసా సీలు, ల్యాబు కాగితాలు, రెండో నమూనా పరీక్ష. అయితే పిల్లల చేతిలో కాగితాలు లేకపోతే ఎంత పెద్ద లాయరైనా చేసేది తక్కువ. డాక్టరు చీటీ, పౌడరు డబ్బా లేబులు, కొన్న బిల్లు దాచాలి. కోచ్ ఇచ్చాడు కదా అని ఏదీ మింగకూడదు. నోటీసు వస్తే పరువు పోతుందని దాచిపెట్టకూడదు, అప్పీలుకు గడువు ఉంటుంది.

మన సంఘాల్లో లాయర్లకు కొదవ లేదు. ఊరికొక్కరైనా ఈ నియమాలు చదివి ఉంచుకుంటే, ఇంకో శాంతి ఒంటరిగా ఇంటికి తిరిగి రాదు. ఆటల్లో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి చేరవేయండి.