స్టార్టప్‌లో ఎవరి వాటా ఎంత? ముందే రాసుకోకపోతే ఏమవుతుంది?

స్నేహితులతో కలిసి స్టార్టప్ పెడుతున్నారా? ‘మనలో మనకు కాగితాలెందుకు’ అని వదిలేయకండి. మీరు రాసుకోకపోతే మీ వాటాలను చట్టమే తేలుస్తుంది.

రాసుకోకపోతే?
భాగస్వామ్య సంస్థకు 1932 నాటి చట్టం వర్తిస్తుంది. ఒప్పందం లేకుంటే లాభనష్టాలు అందరికీ సమానం. ఒకరు ఉద్యోగం మానేసి పనిచేసినా, మరొకరు ఆదివారాలే వచ్చినా అదే లెక్క. 2008 నాటి ఎల్‌ఎల్‌పీ చట్టం ప్రకారం మూలధనంలోనూ సమాన వాటాయే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఎవరి పేరిట ఎన్ని షేర్లు నమోదైతే వారికి అంతే వాటా.

ఎలా పంచుకోవాలి?
ఎవరు ఎంత డబ్బు పెడుతున్నారు, ఎవరు జీతం వదులుకుంటున్నారు, రానున్న నాలుగేళ్లలో ఎవరు ఏ పని చూస్తారు అన్నవి కలిసి కూర్చుని రాసుకోండి. ఆలోచన ఎవరిదన్నది ఇందులో ఒక భాగమే. ఇద్దరే ఉండి చెరి సగం తీసుకుంటే, అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఎవరిది తుది మాటో కూడా రాయండి. కంపెనీలో సాధారణ తీర్మానం నెగ్గాలన్నా పోలైన ఓట్లలో సగానికి మించి కావాలి.

మధ్యలో వెళ్లిపోతే?
దీనికి ‘వెస్టింగ్’ షరతు పెట్టుకుంటారు. వాటా ఒకేసారి కాకుండా, పనిచేసిన కాలాన్ని బట్టి సొంతమవుతుంది. సాధారణంగా నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాదిలోపే వెళ్లిపోతే ఏమీ రాదన్న నిబంధన ఉంటాయి. ఉదాహరణకు మీ పేరిట 4,000 షేర్లున్నాయి. నెలవారీ లెక్కన 18 నెలలకు మానేస్తే 1,500 మీవి. మిగతా 2,500 ఒప్పందం ప్రకారం వెనక్కి ఇవ్వాలి.

ఎక్కడ నమోదు చేయాలి?
* కంపెనీ: వ్యవస్థాపకుల ఒప్పందంతో పాటు, షేర్ల బదిలీ షరతులను ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లోనూ చేర్చండి. ఆర్టికల్స్‌లో లేని ఆంక్షలకు కంపెనీ కట్టుబడక్కర్లేదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.
* ఎల్‌ఎల్‌పీ: ఏర్పాటైన 30 రోజుల్లో ఒప్పందం వివరాలను ఎంసీఏ పోర్టల్‌లో దాఖలు చేయాలి.
* భాగస్వామ్య సంస్థ: రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ వద్ద నమోదు చేయించండి. నమోదు లేకుంటే ఒప్పందంలోని హక్కు కోసం తోటి భాగస్వామిపై దావా వేయలేరు.

సంతకాలకు ముందు చార్టర్డ్ అకౌంటెంట్‌కో, న్యాయవాదికో చూపించండి. వ్యాపారంలో డబ్బు కనిపించాక ఈ మాట ఎత్తడం కష్టం. ఇప్పుడైతే ఒక్క సాయంత్రం చాలు.